మంచి పేరు

ఆ బ్యాంకు శాఖలో బాబాయిగారిది కిటికీ పక్క సీటు. హోదా స్పెషల్ అసిస్టెంటు. ఇరవై రెండేళ్లుగా అదే ఊరు, అదే కిటికీ. మేనేజర్లు మూడేళ్లకొకరు వచ్చి వెళ్లేవారు. ఏ రైతుది ఏ ఊరో, ఎవరి కొడుకు ఏ దేశంలో ఉన్నాడో, ఎవరికి అప్పిస్తే తిరిగొస్తుందో కొత్త మేనేజరుకి బాబాయిగారే చెప్పాలి.

పశ్చిమ గోదావరి జిల్లాలో వరి పండే ఊళ్ల మధ్య పట్నం అది. నెల మొదట్లో పింఛన్లు, కోతలయ్యాక ధాన్యం డబ్బు, నాట్లకి ముందు బంగారం మీద అప్పులు. పదకొండుమంది ఉండాల్సిన శాఖలో ఎనిమిదిమందే ఉన్నారు.

బ్యాంకులో చాలా ఎంట్రీలకి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు కంప్యూటర్లో ఎక్కిస్తారు. ఇంకొకరు సరిచూసి ఆమోదిస్తారు. మొదటివారిని మేకర్ అంటారు, రెండోవారిని చెకర్ అంటారు. ఒకరి తప్పు ఇంకొకరు పట్టుకోవాలని, ఒకరికి దుర్బుద్ధి పుడితే ఇంకొకరు అడ్డుపడాలని ఈ ఏర్పాటు. రెండు పాస్‌వర్డులూ ఒకరి చేతిలో పడితే ఇక ఇద్దరు లేనట్టే.

ఆ శాఖలో పాస్‌వర్డులు అందరి చేతుల్లోనూ ఉండేవి.

మేనేజరుగారు రికవరీకి వెళ్తూ ఫీల్డాఫీసరుకి చెప్పేవారు. ఫీల్డాఫీసరు పొలాలు చూడటానికి వెళ్తూ కౌంటరు క్లర్కుకి చెప్పేవాడు. కౌంటరు క్లర్కయితే తన పాస్‌వర్డును చీటీ మీద రాసి బల్లమీది అద్దం కింద పెట్టాడు. కూతురి పేరు, పుట్టిన సంవత్సరం. నెల తిరిగేసరికి మార్చమని కంప్యూటరు అడిగితే చివర ఒక అంకె పెంచి, చీటీ కూడా దిద్దేవాడు. పాస్‌వర్డు ఎవరికీ చెప్పరాదని హెడ్డాఫీసు నుంచి ఏటా సర్క్యులర్ వచ్చేది. అందరూ చదివి సంతకం చేసేవారు. సాయంత్రం ఒకరి పిల్లాడికి జ్వరం వచ్చినా, ఇంకొకరి బస్సు వెళ్లిపోతున్నా, ఉన్నవాళ్లు లేనివాళ్ల పని పూర్తిచేసి ఆ రోజు లెక్కలు మూసే డే-ఎండ్ కానిచ్చేవారు. ఎనిమిదిమందితో ఆ శాఖ మరోలా నడిచేది కాదు. అది నిజం.

వెళ్లేవాళ్లు ఎక్కువగా బాబాయిగారికే చెప్పి వెళ్లేవారు. ఆయన అడిగేవారు కారు. పైగా ఆయనకొక అలవాటు ఉండేది. ఎదురుగా ఎవరైనా పాస్‌వర్డు కొట్టబోతే తల కిటికీ వైపు తిప్పుకునేవారు. కీబోర్డు చప్పుడు ఆగాకే మళ్లీ ఇటు తిరిగేవారు. ఆ పాస్‌వర్డు పొద్దున్నే ఆయనకి వాళ్లే చెప్పి ఉన్నా అంతే. కొత్తగా వచ్చినవాళ్లకి ఆ మర్యాద చూస్తే ముచ్చటేసేది.

2018 ఆగస్టులో కొత్తమ్మాయి వచ్చింది. అసిస్టెంటు మేనేజరు. రెండేళ్ల ప్రొబేషన్. సొంతూరు రాజమండ్రి. తండ్రి లేడు. తల్లి బట్టలు కుట్టి చదివించింది.

ఆ ఏడు బ్యాంకుల శిక్షణ తరగతుల్లో పంజాబ్ నేషనల్ బ్యాంకు మాట రాకుండా పాఠం నడవలేదు. ముంబై బ్రాడీ హౌస్ శాఖలో జరిగిన మోసం ఆ ఫిబ్రవరిలోనే బయటపడింది. పోనుపోను లెక్క 13 వేల కోట్లు దాటింది. అక్కడ ఇచ్చిన హామీపత్రాలు స్విఫ్ట్ సందేశాలుగా విదేశాల్లోని మన బ్యాంకుల శాఖలకి వెళ్లాయి. బ్యాంకు సొంత కంప్యూటరు లెక్కల్లో మాత్రం అవి ఎక్కలేదు. ఆ రెంటినీ ఏప్రిల్ 30లోగా కలపాలని రిజర్వు బ్యాంకు గడువు పెట్టింది. పాఠం చెప్పినాయన ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఆ హామీపత్రాలు ఇచ్చే సీటులో ఏళ్ల తరబడి ఉన్న అధికారి 2017లో రిటైరయ్యాడు. 2018 జనవరిలో ఖాతాదారులు మళ్లీ హామీపత్రం కోసం వస్తే, సీటులో ఉన్న కొత్తవాళ్లు పూర్తి మార్జిన్ కట్టమన్నారు. ఇదివరకు ఎప్పుడూ కట్టలేదే అన్నారు ఖాతాదారులు. పాత కాగితాలు వెతికితే డొంక కదిలింది.

కొత్తమ్మాయి ఇదంతా నోట్సులో రాసుకుంది.

చేరిన వారంలోనే ఫీల్డాఫీసరు వచ్చి అడిగాడు.

"మేడమ్, మీ పాస్‌వర్డు బాబాయికి చెప్పి ఉంచండి. మీరు భోజనానికి వెళ్లినా పని ఆగదు."

"చెప్పకూడదు కదా సార్."

"ఇక్కడ అందరం చెప్పుకుంటాం."

"నేను చెప్పను సార్."

కౌంటరు క్లర్కు తలెత్తాడు. "మేమేమన్నా దొంగలమా మేడమ్?"

ఆ అమ్మాయి వయసు ఇరవై నాలుగు. చదివింది చదివినట్టు చెప్పింది. ఐటీ చట్టంలో 66సి అనే సెక్షను ఉందని, ఇంకొకరి పాస్‌వర్డును మోసంతో వాడితే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అని చెప్పింది. క్యాషియరు చేతిలోని నోట్ల కట్ట కింద పెట్టింది. ఆ పూట ఇంకెవరూ మాట్లాడలేదు.

ఆ మర్నాటి నుంచి టీ ఏడు గ్లాసులే వచ్చేది. వినాయక చవితికి ఆమెను చందా అడగలేదు. క్యాషియరు పుట్టినరోజు కేకు ఆమె సీటుదాకా రాలేదు. ఆమె మంచినీళ్లకి లేస్తే వరస ఆగిపోయేది. జనం విసుక్కుంటే క్లర్కు చేయి చూపించేవాడు. "ఆ మేడమ్ వస్తేగాని కాదండీ. పాస్‌వర్డు ఆవిడొక్కరికే తెలుసు."

మేనేజరుగారు ఒకరోజు గదిలోకి పిలిచారు. "పదిమంది కలిసి పనిచేసే చోట నమ్మకం ఉండాలమ్మా" అన్నారు.

అక్టోబరులో ఆ అమ్మాయి ఏలూరు రీజనల్ ఆఫీసుకి ఉత్తరం రాసింది. మేనేజరుగారి ద్వారానే పంపింది. "నా పాస్‌వర్డును ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇకముందు ఏ పరిస్థితిలోనూ చెప్పను. దీని కోసం నన్ను ఒత్తిడి చేయకుండా చూడవలసిందిగా ప్రార్థన." రీజనల్ ఆఫీసు వాళ్లు మెచ్చుకుంటూ జవాబు రాశారు. దాంతోపాటు సర్క్యులర్ మళ్లీ పంపారు. అందరూ మళ్లీ సంతకం చేశారు. ఉత్తరం నకలు ఆమె ఫైల్లో చేరింది.

ఆ తర్వాత ఆమెతో పనికి మించి మాట్లాడింది బాబాయిగారొక్కరే.

"అమ్మాయి చెప్పిందే న్యాయం" అన్నారాయన అందరూ వింటుండగా. "రేపు ఏదన్నా జరిగితే ఏ పని ఎవరు చేశారో ఆ దేవుడు కూడా తేల్చలేడు. నాకు కూడా చెప్పకమ్మా. నీ పద్ధతి నీది."

ఆమె మధ్యాహ్నం వెనక రికార్డు గదిలో ఒక్కతే తినేది. బాబాయిగారు తన క్యారేజీ పట్టుకుని అక్కడికి రావడం మొదలుపెట్టారు. "మీ పిన్ని పంపింది" అని ఒక గిన్నె ఇటు తోసేవారు. ఒకరోజు బీరకాయ పచ్చడి, ఒకరోజు ముద్దపప్పు, ఆవకాయ. నెలా రెండు నెలల్లో ఆ అమ్మాయి కూడా అందరిలాగే ఆయన్ని బాబాయిగారూ అని పిలిచింది. ఆయన తొందరగా తినేసి లేచేవారు. "నువ్వు నిదానంగా తిని రా. హాల్లో ఎవరో ఒకరు ఉండాలి కదా. నేను చూసుకుంటా."

2019 ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం నాలుగు కావస్తుండగా రాజమండ్రి నుంచి ఫోనొచ్చింది. తల్లికి గుండె నొప్పి. ఆస్పత్రిలో చేర్చారు. వాల్వు పాడైందంటున్నారు.

మేనేజరుగారు ఏలూరు మీటింగులో ఉన్నారు. ఫీల్డాఫీసరు సెలవు. ఆ పూటకి ఆమోదించాల్సింది ఆమె ఒక్కతే. బల్లమీద నలభై దాకా వోచర్లు ఉన్నాయి. ఎదురుగా బెంచీ మీద ఒక పింఛను ముసలాయన కూర్చుని ఉన్నాడు. అమ్మాయి హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుంది. మళ్లీ తీసి బల్లమీద పెట్టింది.

బాబాయిగారు లేచి వచ్చారు.

"ఇంకా నిలబడ్డావేమ్మా? వెళ్లు."

"ఇవి, బాబాయిగారూ?"

"ఉండనీ. రాత్రికి మేనేజరుగారు వచ్చి చేసుకుంటారు. డే-ఎండ్ ఆలస్యమైతే ఏలూరు నుంచి తిడతారు, అంతేగా? నేను పడతాలే. నువ్వు బయల్దేరు."

అమ్మాయి వోచర్ల వంక చూసింది. బెంచీ మీది ముసలాయన వంక చూసింది. తర్వాత బాబాయిగారి దగ్గరగా వచ్చి మెల్లిగా పాస్‌వర్డు చెప్పింది.

ఆయన తల కిటికీ వైపు తిప్పుకున్నారు.

"చెప్పకు తల్లీ" అన్నారు అటే చూస్తూ. "నిన్ను నేను అడగలేదు."

ఆమె ఇంకోసారి చెప్పింది. ఈసారి ఒక్కో అక్షరం విడివిడిగా.

"సరే" అన్నారాయన. "ఇది మనిద్దరి మధ్యే ఉండనీ. వీళ్లకి తెలిస్తే ఇన్నాళ్లు నువ్వు పడిందంతా నవ్వులపాలవుతుంది."

ఆ రోజు డే-ఎండ్ ఆరింటికల్లా అయిపోయింది. తల్లికి ఆపరేషన్ చేశారు. ఆస్పత్రికి పిన్నిని కూడా తీసుకుని వచ్చారు బాబాయిగారు. ఫ్లాస్కులో జావ తెచ్చారు. వెళ్లేటప్పుడు ఆ తల్లి పరుపు మీది నుంచే చేతులు జోడించింది.

అమ్మాయి డ్యూటీలో చేరిన రోజే పాస్‌వర్డు మార్చింది. కానీ తల్లిని ప్రతి శుక్రవారం చూపించాలి. నాలుగింటికల్లా బస్సెక్కాలి. రెండో శుక్రవారమే కొత్త పాస్‌వర్డు కూడా బాబాయిగారి చెవిన పడింది. ఆ తర్వాత మార్చినప్పుడల్లా రికార్డు గదిలో ఆమే చెప్పేది. హాల్లో పదిమంది ఎదుట మాత్రం, ఆమె కీబోర్డు మీద చేయి పెట్టగానే ఆయన కిటికీలోకి చూసేవారు.

"బాబాయికి కూడా చెప్పదు" అనుకునేవారు మిగతావాళ్లు.

ఎండాకాలం వచ్చేసరికి వాళ్ల కోపం కరిగింది. గ్లాసులు ఎనిమిదయ్యాయి. తల్లి జబ్బు విని క్యాషియరే మొదట పలకరించింది. తన పెళ్లిరోజుకి పులిహోర తెచ్చి ముందు ఆమెకే పెట్టింది. ఇన్స్‌పెక్షనుకి వచ్చినాయనతో మేనేజరుగారు గర్వంగా చెప్పారు. "మా శాఖలో పాస్‌వర్డు ప్రాణంలా కాపాడుకునే పిల్ల ఉందండీ."

2020 సంక్రాంతికి అమెరికా నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. రిటైరైన టీచరు. భర్త పోయాక 2016లో డల్లాస్‌లోని కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. పాస్‌బుక్కు తెచ్చి కౌంటరులో ఇచ్చింది. అందులో ఆరు లక్షల నలభై వేలు. కంప్యూటర్లో మూడు వందల పన్నెండు రూపాయలు.

ఆవిడ ఖాతాలో సెల్ నంబరు భర్తది. ఆయన పోయాక దాన్ని ఎవరూ వాడలేదు. అందుకే డబ్బు తీసినట్టు మెసేజీ ఎవరికీ చేరలేదు.

రెండేళ్లపాటు లావాదేవీ లేని ఖాతాను కంప్యూటరు పక్కన పెడుతుంది. దాన్ని మళ్లీ నడపాలంటే ఖాతాదారు నుంచి కాగితాలు కావాలి. మేకర్ ఎక్కించాలి, చెకర్ ఆమోదించాలి. పెద్దావిడ ఖాతా 2019 మే నెలలో ఒక మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటా నలభై రెండుకి లేచింది. నలభై ఆరుకి డబ్బు వేరే బ్యాంకుకి వెళ్లిపోయింది. కాగితాలు లేవు.

వెతికితే ఇంకో మూడు ఖాతాలు దొరికాయి. ఒకటి కువైట్ వెళ్లినామెది. ఒకటి చనిపోయినాయనది, వారసులకి ఆ ఖాతా ఉన్నట్టే తెలియదు. ఒకటి ఎప్పుడో మూతపడిన యువజన సంఘానిది. ఎవరున్నారో, ఎవరు రారో బాగా తెలిస్తేగాని ఈ నాలుగూ ఏరడం కుదరదని ఆడిటరు రాశాడు. మొత్తం పదిహేడు లక్షల అరవై వేలు. అన్నీ మే, జులై మధ్య. అన్నీ భోజనాల వేళ. శుక్రవారం ఒక్కటీ లేదు. డబ్బు చేరిన ఖాతా ఒక కూలీ పేరు మీద ఉంది. తన పేరుతో ఏటీఎం కార్డు ఉన్నట్టు అతనికి తెలియదు. సీసీ కెమెరాల్లో అన్ని నెలల కిందటి రికార్డు లేదు.

నాలుగింట్లోనూ మేకర్ ఐడీ కౌంటరు క్లర్కుది. చెకర్ ఐడీ కొత్తమ్మాయిది. ఆ రోజుల్లో ఇద్దరూ డ్యూటీలోనే ఉన్నారు.

విచారణాధికారి ఏలూరు నుంచి వచ్చి మేనేజరుగారి గదిలో కూర్చున్నారు. మొదట కౌంటరు క్లర్కుని పిలిచారు. అతను వణికిపోతూ బల్ల అద్దం ఎత్తి చీటీ తెచ్చి చూపించాడు. అంకెలు దిద్ది దిద్ది ఆ చీటీకి చిల్లు పడింది. ఇది ఎవరెవరికి తెలుసని విచారణాధికారి అడిగారు. అందరికీ తెలుసన్నాడు. అటెండరుని పిలిచి అడిగితే, అతను చీటీ చూడకుండానే అప్పజెప్పాడు. ఇంతమందికి తెలిసిన పాస్‌వర్డుతో ఎవరు ఎక్కించారో చెప్పలేమని విచారణాధికారి రాసుకున్నారు. క్లర్కుకి తర్వాత అజాగ్రత్త కింద ఒక ఇంక్రిమెంటు ఆపారు.

తర్వాత కొత్తమ్మాయి వంతు.

"మీ పాస్‌వర్డు ఎవరికి తెలుసు?"

"బాబాయిగారికి తెలుసు సార్. నేనే చెప్పాను. మా అమ్మకి బాగోలేనప్పుడు."

"ఆయన తీశారంటారా?"

"అయ్యో, కాదు సార్!" అందామె. "ఆయన నోటి నుంచి పొరపాటున ఎవరన్నా విన్నారేమో. నేను చెప్పిన మాట నిజమా కాదా ఆయన్నే అడగండి సార్. ఆయన అబద్ధం చెప్పరు."

విచారణాధికారి ఫైలు తిరగేసి అక్టోబరు ఉత్తరం ఆమె ముందు పెట్టారు. సంతకం ఆమెదేనా అని అడిగారు. ఆమెదే.

ఆమెను బయట కూర్చోమని మిగతావాళ్లను ఒక్కొక్కరినే పిలిచారు. అందరినీ ఒకటే అడిగారు. ఈ అమ్మాయి తన పాస్‌వర్డు ఎవరికైనా చెప్పడం మీరు చూశారా?

ఎన్నోసార్లు నచ్చజెప్పినా చెప్పలేదన్నారు మేనేజరుగారు. అడిగినందుకు తనకు సెక్షను చదివి వినిపించిందన్నాడు ఫీల్డాఫీసరు. ఆమె లేస్తే కౌంటరు ఆగిపోయేదని చెప్పాడు క్లర్కు. బాబాయి తల అటు తిప్పుకుంటేగాని ఆమె కీబోర్డు ముట్టుకునేది కాదని చెప్పింది క్యాషియరు. తన కళ్లతో చూశానంది. రెండో క్లర్కూ అదే చెప్పాడు, అటెండరూ అదే చెప్పాడు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరికీ ఆమె మీద కోపం లేదు. మంచిగా చెబితే మేలు జరుగుతుందని ఒకరిద్దరు నాలుగు మాటలు ఎక్కువే చెప్పారు.

ఆఖర్న బాబాయిగారిని పిలిచారు. బెంచీ మీది నుంచి అమ్మాయి లేచి నిలబడింది. ఆయన ఆమె తలమీద చేయి వేసి, భయపడకమ్మా అని లోపలికి వెళ్లారు. తలుపు దగ్గరగా వేసి ఉంది. మాటలు బయటికి వినిపిస్తున్నాయి.

"ఫిబ్రవరిలో ఈ అమ్మాయి తన పాస్‌వర్డు మీకు చెప్పానంటోంది. నిజమేనా?"

బాబాయిగారు కండువాతో కళ్లు తుడుచుకున్నారు.

"ఆ అమ్మాయి నిప్పు సార్" అన్నారు. "ప్రాణం పోయినా ఎవరికీ చెప్పదు."